ముప్పై రెండో దారం

కోమల్ నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను ఒక వాక్కాయ పొదకు దండం పెడుతున్నాను.

ఊరికే కాదు. బూట్లు విప్పి, ఎర్ర హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మరీ పెడుతున్నాను. ఆ పొదకు ఎవరో ఎర్ర దారం కట్టారు. దానికి పైన మోదుగు చెట్టుకు ఒకటి, మలుపులో రాయికి ఇంకొకటి. గుట్ట మీద నేను తవ్విన సైకిల్ దారి పొడవునా ఎర్ర దారాలే. ఎవరో అమ్మవారికి మొక్కుకుని కట్టి ఉంటారనుకున్నాను. నా బ్రేకులు అంత కొత్తవి కావు, దేవతలతో పెట్టుకునే పరిస్థితిలో లేను.

"ఏం మొక్కుకుంటున్నవ్?"

కళ్ళు తెరిచాను. ఎదురుగా ఒక అమ్మాయి. మోకాళ్ళ దాకా బురద అంటిన చుడీదార్, చంకలో గొడుగు, చేతిలో ఎర్రదారం చుట్టిన కండె. నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థ పడుతోంది.

"ఈడ ఎవరో అమ్మవారికి దారం కట్టిన్రు," అన్నాను.

"అమ్మవారికి కాదు. నేనే కట్టిన."

"ఏం మొక్కు?"

"మొక్కు కాదు. ఫాల్టు."

అని ఇక నవ్వు ఆపుకోవడం మానేసింది.

నాకప్పుడు వెలిగింది. మహారాష్ట్రలోని మా భివండీలో సాంచె మీద, అంటే పవర్‌లూమ్ మీద, నేసిన గుడ్డ ముందు ఫోల్డింగ్ ఖాతాకు పోతుంది. అక్కడ దాన్ని టేబుల్ మీద పరిచి, లాగుతూ చూస్తారు. పోగు తెగినచోట, మరక పడినచోట అంచుకు ఒక దారం ముక్క కడతారు. మా నాన్న ముప్పై ఏళ్ళు సాంచెలు నడిపాడు. ఆయన తాకాలకు, అంటే గుడ్డ చుట్టలకు, పడినన్ని దారాలు మా పేట కామత్‌ఘర్‌లో ఇంకెవరికీ పడలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను ఫాల్టు దారానికి బూట్లు విప్పి దండం పెట్టాను.

"మొత్తం ముప్పై ఒకటి," అంది ఆమె.

"నా ట్రైల్‌కు ముప్పై ఒక్క ఫాల్టులా?"

"నిన్ను కలిపితే ముప్పై రెండు."

ఆమె పేరు కోమల్. పేరు పెట్టిన రోజుకు పిల్లకు ఇంకా మాటలు రాలేదు కాబట్టి పెద్దవాళ్ళను తప్పు పట్టలేం.

"అసలు నువ్వెవరు? నా దారిల నీకేం పని?"

"గా బోర్డు రాసింది నువ్వేనా?" అని కింద ఉన్న రేకు బోర్డు వైపు గొడుగు చూపించింది. తెలుగులో, మరాఠీలో, హిందీలో రాశాను: మౌంటెన్ బైక్ ట్రైల్. అందరికీ. దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో నా పేరు, భూషణ్.

"నేనే. అయితే?"

"మా రూపాలి గా బోర్డు నమ్మి ఎక్కింది. నా పక్క టేబుల్ అది. మెల్లగ పోతుంటే ఎవడో మీదికెళ్ళి దునికిండట. బెదిరి పడ్డది. చెయ్యి విరిగింది. మూడు వారాల సంది దాని తాకాలు, నా తాకాలు రెండూ నేనే సూస్తున్న. నా కండ్లు పోతున్నయ్. అందరికీ అని ఎట్ల రాసినవ్?"

"అందరికీ అంటే... జర బ్యాలెన్స్ ఉన్నోళ్ళకు."

"గది రాయలే."

నిజమే, అది రాయలేదు.

*

ఆ గుట్ట సంగతి చెప్పాలి. నేను మాన్కోలిలో ఒక గోదాములో పార్సిళ్ళు స్కాన్ చేస్తాను. రోజంతా పీ పీ మని చప్పుడు. గోదాము వెనక గుట్ట, దాని ఈ వైపు వాలు వెంకటసుబ్బారావుగారిది. ఆయనకు టైల్స్ వ్యాపారం. ఖర్చు లేకుండా గడ్డి పోతుంది కదా అని నన్ను తవ్వుకోనిచ్చారు. రెండేళ్ళు తవ్వాను. గుట్ట మీదినుంచి మూడు దారులు. ఆకుపచ్చది కొత్తవాళ్ళకు, పాములా మెలికలు తిరుగుతూ తీరిగ్గా దిగుతుంది. నీలంది ఎత్తుపల్లాలతో కాస్త చెయ్యి తిరిగినవాళ్ళకు. నల్లది నాలాంటివాళ్ళకు. అందులో నిలువెత్తు బండ ఒకటి ఉంది, దాని మీదినుంచి సైకిల్‌తో సహా గాలిలోకి దూకాలి. సాంచెల్లో పారేసిన నూలు కోన్‌లకు రంగులేసి దారి గుర్తులుగా పాతాను.

ఆ బండ మీదినుంచి దూకే ఒక్క క్షణం తప్ప, నేను గొప్పవాడినని నాకు ఎప్పుడూ అనిపించదు. అందుకే ఆ గుట్టంటే నాకు ప్రాణం.

ఇప్పుడు వెంకటసుబ్బారావుగారికి లారీల పార్కింగ్ ఆలోచన వచ్చింది.

"చూడబ్బాయ్," అన్నారు. "థానే నుంచి ఆ సైకిళ్ళ క్లబ్బు వాళ్ళొస్తారన్నావుగా. అక్టోబరు మొదటి ఆదివారం రమ్మను. పిల్లా పెద్దా అందరూ తొక్కొచ్చు, వారం వారం మనుషుల్ని తెస్తాం అన్నారంటే గుట్ట నీది. లేదంటే సోమవారం పొద్దున్న జేసీబీ వస్తుంది. మళ్ళీ నా దగ్గర ఏడవకూడదు."

ఇంకా అయిదు వారాలుంది. ఈ మాట కోమల్‌కు చెప్పాను, జాలి పడుతుందేమోనని.

"అయితే ఇంకా ఈడ నిలబడ్డవేంది? పార తేపో," అంది.

*

శుక్రవారం సాంచెలు బంద్. కోమల్‌కు ఆ రోజే తీరిక. నా వీక్లీ ఆఫ్ మంగళవారం. శుక్రవారానికి మార్చమని సూపర్‌వైజర్‌ను బతిమాలితే, ఎందుకు అన్నాడు. నమాజు అన్నాను. నా గుర్తింపు కార్డు వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, ఏ మూడ్‌లో ఉన్నాడో గాని మార్చేశాడు.

ఆమె ముందు నడిచేది, నేను పార పట్టుకుని వెనకాల. ఒక్కో దారం దగ్గర ఆగేది.

"ఇదేంది?" అనేవాణ్ణి.

"నాకేం తెల్సు? ఈడికి రాంగనే కాలు ఆగింది. ఆగిందంటే ఫాల్టే."

"ఏం తప్పో చెప్పరాదు?"

"మేం దారం కడ్తం అంతే. ఏం తప్పో నేసినోడే సూసుకోవాలె."

నేను చూసుకునేవాణ్ణి. నిజంగానే ఏదో ఒకటి ఉండేది. ఒకచోట వాననీళ్ళు దారి మధ్యలోంచి పారి గాడి కోసేశాయి. ఇంకోచోట మలుపు మరీ ఇరుకు. ఇంకోచోట కొమ్మ సరిగ్గా మెడ ఎత్తులో ఉంది. నేను వంగి పోతాను కాబట్టి నాకది ఎప్పుడూ అడ్డం రాలేదు. బాగుచేశాక ఆమె ఇంకోసారి నడిచి చూసి, కాలు ఆగకపోతే దారం విప్పేది. ఒక శుక్రవారం ఆటోలో రెండు బస్తాల గుడ్డపీలికలు తెచ్చి, చెట్టు బోదె చుట్టూ కట్టింది, ఎవరైనా గుద్దుకున్నా దెబ్బ తగలకుండా.

"నీకు సైకిల్ వస్తదా అసలు?" అన్నాను ఒక రోజు.

"రాదు."

"సైకిల్ రాకుండనే నా ట్రైల్‌కు ఫాల్టులు పెడ్తున్నవా?"

"నాకు నెయ్యనీకి కూడ రాదు. గుడ్డల ఫాల్టు సూస్తలేనా?"

నాకు ఒక ఉపాయం తట్టింది. పూర్ణ రోడ్డు పక్కన మూతబడిన గోదాము ముందు నున్నటి సిమెంటు నేల. అక్కడ ఆమెకు సైకిల్ నేర్పడం మొదలుపెట్టాను. సన్నగా తుంపర. సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతున్నాను. ఆమె జడ నా మొహానికి తడితడిగా తగులుతోంది. నాకైతే ఆ గోదాము ప్రాంగణం సోలాపూర్ దాకా ఉంటే బాగుండుననిపించింది.

"సీటు వదులు," అంది.

"పడతవ్."

"ఏం పడ. ఎప్పుడో వచ్చింది నాకు. నీకే వదలబుద్ధి అయితలేదు."

వదిలాను. దూసుకుపోయి, గోడ దగ్గర తిరిగి, నవ్వుతూ నా మీదికే వచ్చింది. నేను పక్కకు దూకాను. ఆ రోజు ఇంటికి పోయి అన్నంలో చారుకు బదులు మంచినీళ్ళు పోసుకుని తిన్నాను. అమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు.

*

ముప్పై దారాలు విప్పాం. ఒక్కటి మిగిలింది. అది సరిగ్గా నా బండ కింద ఉన్న తుమ్మ కొమ్మకు కట్టింది.

"దీని జోలికి రాకు," అన్నాను. "ఇది నల్ల దారి. కొత్తోళ్ళకు కాదు."

"కాలు ఆగింది."

"ఆగితే ఆగనీ. గీ బండ ముట్టుకునేది లేదు. ఇది నీ ఫోల్డింగ్ టేబుల్ కాదు."

కోమల్ నన్ను అదోలా చూసింది. కోపం కాదు. ఎన్నాళ్ళుగానో దేనికో కాచుకుని ఉన్న మనిషి చూసినట్టు.

"అయితే బోర్డు మీద అందరికీ అని తుడిపేయ్. భూషణ్‌కు అని రాసుకో."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి శుక్రవారం రాలేదు. ఆదివారానికి ఇంకా రెండు రోజులే.

ఆమె లేని గుట్ట మీద నాకు ఏమీ తోచలేదు. సైకిల్ కింద పడేసి, ఆమెలాగే నడిచాను. పార పట్టుకుని ఆమె వెనక పోవడం తప్ప, ఆ దారిని నాకై నేను ఎప్పుడూ నడిచి చూడలేదు, సీటు మీదినుంచే, దూసుకుపోతూనే చూశాను. ఆకుపచ్చ దారి పట్టుకుని మెల్లగా దిగుతూ దిగుతూ తుమ్మ కొమ్మ దగ్గరికి వచ్చాను. నా కాలు ఆగింది.

తలెత్తితే నెత్తి మీద నా బండ. దానిమీదినుంచి దూకినవాడు సరిగ్గా నేను నిలబడ్డ చోట పడతాడు. కొత్తవాళ్ళ దారి నా దూకుడు కిందినుంచే పోతోంది.

మెల్లగ పోతుంటే ఎవడో మీదికెళ్ళి దునికిండట.

ఆ గుట్ట మీద ఆ బండ మీదినుంచి దూకేది ఒక్కడే. చెవుల్లో పాటలు పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయేది కూడా వాడే. అక్కడే బురదలో కూలబడ్డాను.

తర్వాత లేచి పార అందుకున్నాను. ఆకుపచ్చ దారిని బండకు దూరంగా, అవతలి వైపునుంచి తిప్పాను. చీకటి పడేదాకా తవ్వాను, మర్నాడు గోదాముకు ఎగనామం పెట్టి తవ్వాను. దారం మాత్రం విప్పలేదు. అది నేను విప్పేది కాదు.

*

శనివారం సాయంత్రం అదే బురద బట్టలతో కామత్‌ఘర్‌లోని ఫోల్డింగ్ ఖాతాకు పోయాను. గుమ్మంలో టేబుల్ వెనక రాజలింగం కూర్చున్నాడు. ఖాతాకు పెద్ద, కోమల్‌కు నాన్న. లోపల పదిమంది ఆడవాళ్ళు గుడ్డలు లాగుతున్నారు. చివర కోమల్. పక్కన చేతికి పట్టీతో రూపాలి, ఒంటిచేత్తో తాకాలకు చీటీలు అంటిస్తోంది.

"ఏం గావాలె పిలగా?" అన్నాడు రాజలింగం.

"కాకా, జర కోమల్‌తోని..."

అని టక్కున ఆగిపోయాను. మనవాళ్ళలో ఏ పెద్దమనిషి కనిపించినా నోటికి కాకా అనే వస్తుంది. కాని కాకా అంటే చిన్నాన్న. చిన్నాన్న కూతురు నాకు ఏమవుతుందో తలుచుకునేసరికి చెమటలు పట్టాయి.

"కాకా కాదు," అన్నాను గట్టిగా. "మామా!"

గుడ్డలు లాగే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

రాజలింగం కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇప్పుడే గదా కాకా అన్నవ్?"

"అన్న."

"గింతల్నే మామనెట్లయిన?"

"జర... సోచాయించిన."

పదిమంది ఒకేసారి నవ్వారు. ఒక ముసలమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. కోమల్ తలెత్తలేదు. చెవులు మాత్రం చేతిలోని దారం రంగుకు వచ్చాయి.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నేరుగా రూపాలి ముందుకు పోయి నిలబడ్డాను.

"అక్కా, గా రోజు మీదికెళ్ళి దునికింది నేనే. నిన్ననే సమజైంది. తప్పయింది. దారి మార్చిన. నీ చెయ్యి మాత్రం నేను మార్చలేను."

రూపాలి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నాకెరుకనే. ఎర్ర హెల్మెట్," అంది. "దీనికి కూడ మొదటి రోజునుంచి ఎరుకనే."

కోమల్ వైపు తిరిగాను. "ఎరుకై ఉండి చెప్పలేదా?"

"చెప్పిన గదా," అంది తల వంచుకునే. "మేం దారం కడ్తం అంతే."

"ముప్పై ఒకటో దారం ఇంకా అట్లనే ఉన్నది. నువ్వొచ్చి నడిచి సూసి విప్పాలె. రేపు పది గంటలకు."

"రేపు ఆదివారం. సాంచెలు నడుస్తయ్. చుట్టీ లేదు."

అంటూనే ముందున్న గుడ్డ అంచుకు ఎర్రదారం ముడి వేసింది. రాజలింగం కళ్ళద్దాలు పెట్టుకుని, లేచి వెళ్ళి, ఆ గుడ్డను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిడ్డా," అన్నాడు, "ఇది మంచి గుడ్డ."

*

ఆదివారం పదిన్నర. క్లబ్బు నుంచి సిద్ధార్థ వచ్చాడు. మరాఠీవాడు, నెమ్మదస్తుడు. మూడు దారులూ తొక్కి చూశాడు, నన్నూ తొక్కమని చూశాడు. గుట్ట కింద వెంకటసుబ్బారావుగారు కుర్చీ వేయించుకుని కొబ్బరి బోండాం తాగుతున్నారు. ఆయన వెనక రోడ్డు మీద పసుపుపచ్చని జేసీబీ. సోమవారం అన్నది ఆదివారమే వచ్చేసింది.

"నల్లది అదిరింది," అన్నాడు సిద్ధార్థ. "కాని ఆకుపచ్చదానిమీద నువ్వు దిగితే నాకేం తెలుస్తుంది? నీకిది కంఠస్థం. ఈ మధ్యే సైకిల్ నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా దిగాలి. అది చూడకుండా నేను సరే అనలేను."

చుట్టూ చూశాను. నా గోదాము స్నేహితులు నలుగురు వచ్చారు. అందరూ ఆకాశం వైపు చూశారు.

"నన్ను చూడకు నాయనా, నాకు షుగరు," అన్నారు వెంకటసుబ్బారావుగారు.

రెండేళ్ళ గుట్ట. ఒక్క కొత్తమనిషి లేక చేజారిపోతోంది.

అప్పుడు రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. ముందు రాజలింగం దిగాడు. వెనక కోమల్, తల మీద ఎక్కడినుంచో తెచ్చిన హెల్మెట్, సైజు పెద్దదై ముక్కు మీదికి జారుతోంది.

"చుట్టీ లేదన్నవ్ గదా?" అన్నాను.

"కడుపునొప్పి అని చెప్పిన."

"ఎవరికి?"

"బాపుకు."

రాజలింగం ఆకాశం వైపు చూశాడు.

నా సైకిల్ తీసుకుని ఆమె గుట్ట ఎక్కింది. పైన ఆకుపచ్చ కోన్ దగ్గర ఒక్క క్షణం ఆగి, బయల్దేరింది. మొదటి మలుపులో తూలింది. నేను కింద నిలబడి లేని బ్రేకులు పిండుతున్నాను. రెండో మలుపు, పీలికలు కట్టిన చెట్టు దాటింది. తుమ్మ కొమ్మకు పైన, కొత్త దారి చీలేచోట కాలు కింద పెట్టి ఆగిపోయింది.

"ఆగిందే!" అన్నారు వెంకటసుబ్బారావుగారు.

ఆమె సైకిల్ దిగింది. కొత్త దారిలో నాలుగడుగులు నడిచింది. వంగి మట్టి నొక్కి చూసింది. తలెత్తి బండ వైపు, మళ్ళీ దారి వైపు చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంతసేపు చూడరు. తర్వాత తుమ్మ దగ్గరికి పోయి, దారం విప్పి గుప్పిట్లో పెట్టుకుని, మళ్ళీ సైకిలెక్కింది. మిగతా వాలంతా గలగలా నవ్వుతూ దిగి, నా ముందు బురద ఎగజిమ్మి ఆగింది.

"అయిపోయిందా? గింతేనా? ఇంకోసారి పోత."

సిద్ధార్థ నోట్‌బుక్ మూసేశాడు. "కొత్తవాళ్ళు ఇంకోసారి అన్నారంటే చాలు. వచ్చే ఆదివారం ఇరవై మందిని తెస్తాను."

వెంకటసుబ్బారావుగారు బోండాం చివరిదాకా పీల్చి, జేసీబీవాడికి పొమ్మని చెయ్యి ఊపారు. "ఇరవై మందా? అయితే ఇక్కడ బోండాల బండి ఒకటి పెట్టాలి," అని తనలో తాను అనుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. కోమల్ దగ్గరికి వచ్చి గుప్పిట తెరిచింది. ఎర్రదారం.

"చెయ్యి ఇటియ్యి."

ఎర్రదారం, మగవాడి చెయ్యి. నిన్న నోటితో తప్పించుకున్నది ఇవాళ మణికట్టుకు రాబోతోంది. రెండు చేతులూ వెనక దాచుకున్నాను.

"రాఖీ అయితే నేను గుట్ట దుంకి చస్త."

"గా భయం ఉండాలె," అంది. చేతుల జోలికి పోకుండా నా చొక్కా కాలర్ గుండీ పట్టుకుని దగ్గరికి లాగి, దానికి దారం చుట్టి ముడి వేసింది. "ముప్పై రెండోది. గిదొక్కటే మిగిలింది."

రాజలింగం దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నన్ను వెలుతురుకు ఎత్తి చూడలేదు గాని, చూపు అలాగే ఉంది.

"ఏం బిడ్డా? ఫ్రెష్ మాలేనా, ఫాల్టున్న సెకండ్సా?"

"సెకండ్సే బాపూ."

"మరి వాపస్ పంపుదామా?"

కోమల్ నా వైపు చూసింది. మొదటి రోజులాగే నవ్వు ఆపుకుంటోంది, కాని ఈసారి కళ్ళు తడిగా ఉన్నాయి.

"వద్దు. నేనే పోగు కలిపి రఫూ చేసుకుంట. నాకు నచ్చింది."

"అయితే పిలగా," అన్నాడు రాజలింగం, "మీ నాయనను తోల్కరా. ఆయన తాకాలు మా ఖాతాకే వస్తుండె. మంచి నేతగాడేం కాదు గాని, మనిషి మంచోడే."

"తప్పకుంట, మామా," అన్నాను.

కోమల్ అప్పటికే సైకిల్ తోసుకుంటూ మళ్ళీ గుట్ట ఎక్కుతోంది. నేను గుండీకున్న దారం వైపు చూసుకుని దండం పెట్టాను. ఈసారి అదేమిటో తెలిసే పెట్టాను.